పాత కారు నీళ్లు తాగుతున్నదా? కారణం వెదకే విధానం

పేర్ణాంబట్టు నుండి వి.కోటకు ఎక్కే పత్తలపల్లి కనుమదారిలో వేసవి మధ్యాహ్నం ప్రయాణించిన వారికి ఈ దృశ్యం క్రొత్త కాదు. మలుపు ప్రక్కన బానెట్ ఎత్తి నిలిపిన పాత కారు, దాని ముందు నుండి లేచే తెల్లని ఆవిరి, వెనుక చక్రాల క్రింద అడ్డుపెట్టిన రాళ్లు, చేతిలో ఖాళీ సీసాతో ఏ లారీ వస్తుందా అని చూచే ఇంటి యజమాని, చెట్టు నీడలో బిడ్డలకు విసురుతూ కూర్చున్న ఇల్లాలు. అడిగిన వారందరికీ ఆయన చెప్పే మాట ఒక్కటే: "పొద్దున్నే నీళ్లు నిండుగా పోసినాను సార్, ఎక్కడికి పోయినాయో తెలియదు!"

ఎక్కడికి పోయాయో తెలుసుకొనడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం. మన ప్రాంతంలో అంబాసిడర్లు, మారుతి 800లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. రెండింటి తయారీయూ 2014లోనే నిలిచిపోయింది. పెండ్లికీ, ఆసుపత్రికీ, సంతకూ ఈ పాత బండ్లనే నమ్ముకొన్న కుటుంబాలు గుడియాత్తం నుండి పలమనేరు దాకా ఎన్నో ఉన్నాయి. క్రొత్త కారు కొనే స్తోమత లేక కొందరు, పాతదానిపై మమకారంతో కొందరు. నేను ఈ రెండు వర్గాలకూ చెందినవాడను. బడిలో పాఠం చెప్పుకొనే నాకు ఇంజన్ విద్య వృత్తి కాదు. ఒక సంవత్సరం పాటు నా కారు నన్ను కూర్చోబెట్టి నేర్పిన పాఠమిది.

మొదట ఇంజన్‌లో నీటికి గల పనిని అర్థం చేసుకోవాలి. పెట్రోలు మండగా పుట్టే వేడిలో చక్రాలను త్రిప్పడానికి ఉపయోగపడేది కొంత మాత్రమే. స్థూలంగా మూడవ వంతు పొగతో పాటు వెనుక గొట్టం గుండా పోతుంది. ఇంచుమించు మరియొక మూడవ వంతును నీరు మోసుకొనిపోయి రేడియేటర్‌లో గాలికి అప్పగించాలి. నీటిని నడిపించేది బెల్టుతో తిరిగే పంపు. చాలా పాత కార్లలో ఆల్టర్నేటర్‌ను త్రిప్పే బెల్టే దీనినీ త్రిప్పుతుంది. ఇంజన్ వెచ్చబడేదాకా నీటిని రేడియేటర్‌కు పోనివ్వక అడ్డుకొనే చిన్న కవాటం థర్మోస్టాట్. ఇది సాధారణంగా 82 నుండి 88 డిగ్రీల మధ్య తెరుచుకొంటుంది. బండి నిలిచియున్నప్పుడు గాలి తగలదు గనుక విద్యుత్ ఫ్యాన్ ఆ లోటు తీరుస్తుంది.

ఇక రేడియేటర్ మూత. చూచేందుకు సీసా మూత వలె అల్పంగా ఉన్నా ఇది చేసే పని గొప్పది. నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుందని ఆరవ తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. అయితే పీడనం పెరిగితే మరిగే స్థానం పెరుగుతుంది. ప్రెషర్ కుక్కర్‌లో జరిగేది ఇదే. చాలా చిన్న కార్ల మూతపై 0.9 అనే అంకె ముద్రించి ఉంటుంది. అంటే బయటి వాయుపీడనం కంటే అంత అధిక పీడనం వరకు మూత ఓర్చుకొంటుందని అర్థం. ఆ పీడనం వద్ద నీరు దాదాపు 118 డిగ్రీల దాకా మరుగదు. మూతలోని రబ్బరు వాచర్ ఎండి పగిలితే ఈ రక్షణ పోయి, నీరు తిరిగి 100 డిగ్రీలకే మరుగుతుంది. కనుమ ఎక్కేటప్పుడు మరికొంత నష్టం: ప్రతి 300 మీటర్ల ఎత్తుకు మరిగే స్థానం ఇంచుమించు ఒక డిగ్రీ తగ్గుతుంది. కావున క్రింద ఊరిలో ఏ ఇబ్బందీ పెట్టని బండి కొండమీద పొంగడంలో వింత లేదు.

మూతలో రెండవ కవాటం ఒకటున్నది. దానిని ఎవరూ పట్టించుకోరు. వేడికి వ్యాకోచించిన నీరు ప్రక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలోకి పోయి, చల్లారిన పిమ్మట ఈ చిన్న కవాటం ద్వారానే తిరిగి రేడియేటర్‌లోకి రావాలి. అది పట్టుకొనిపోయినా, డబ్బాకు పోయే సన్నని ట్యూబు చిట్లినా నీరు తిరిగి రాదు. అప్పుడు డబ్బా నిండుగా కనిపిస్తుంది, రేడియేటర్ మాత్రం ఖాళీగా ఉంటుంది. డబ్బాను మాత్రమే చూచి తృప్తిపడే వారు మోసపోయేది ఇక్కడే. చల్లారిన బండిలో పై హోస్ చప్పిడిగా లోపలికి పీల్చుకొని ఉంటే ఈ కవాటమే దోషి అని అనుమానించవచ్చు.

నీరు పోయే మార్గాలు మూడే

మూసియున్న యంత్రంలో నుండి నీరు మాయం కాదు. బయటికి కారాలి, లేదా సిలిండర్‌లో చేరి పొగతో పోవాలి, లేదా ఇంజన్ ఆయిల్‌లో కలవాలి. నాల్గవ మార్గం లేదు. ఏ మెకానిక్ అయినా "పాత బండి సార్, నీళ్లు తాగుతుంది, పోస్తా ఉండండి" అని చెబితే, ఆయనకు ఈ మూడింటిలో ఏదో తేలలేదని మనం గ్రహించాలి.

నా అనుభవం చెబుతాను. మాది మూడు సిలిండర్ల చిన్న పెట్రోలు కారు. వయస్సు ఇరవై దాటింది. మా తండ్రిగారికి మూత్రపిండాల జబ్బు. నెలకు రెండుసార్లు వేలూరు ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. బస్సులో నిలబడే శక్తి ఆయనకు లేదు. కారు నమ్మకంగా నడవడం మాకు విలాసం కాదు, అవసరం. ఒక జనవరిలో నీరు తగ్గడం మొదలైంది. ఇంటి ముందు నేలపై చుక్క తడి లేదు. వారానికి అర లీటరు పోసేవాడను. మొదట చూపించిన చోట మూత మార్చారు. నీరు తగ్గడం ఆగలేదు. రెండవ చోట థర్మోస్టాట్ పీకి పారవేసి, "మన ఎండలకు ఇది వద్దు" అన్నారు. ముల్లు క్రిందికి దిగింది, నాకు సంతోషం కలిగింది. పెట్రోలు ఖర్చు పెరిగింది. నీరు మాత్రం తగ్గుతూనే ఉన్నది.

థర్మోస్టాట్ పీకడం మన వైపు ఒక ఆచారమైపోయింది గనుక ఒక మాట. అది లేని ఇంజన్ చల్లగా నడుస్తుంది, నిజమే. అయితే చల్లని ఇంజన్ ఇంధనాన్ని ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లో తేమ ఆరక జిగురు చేరుతుంది. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకొన్నప్పుడు ప్రక్కదారిని మూసే ఏర్పాటు కూడా దానికే ఉంటుంది. అట్టి వాటిలో దానిని తీసివేస్తే నీటిలో కొంత భాగం రేడియేటర్‌కు పోకుండానే చుట్టు తిరుగుతుంది, ఎక్కుడు దారిలో బండి మునుపటికంటే ఎక్కువ వేడెక్కుతుంది. జ్వరం వచ్చిందని థర్మామీటరును విరగగొట్టినట్లే ఈ వైద్యం.

ఏప్రిల్ నెల చివర వి.కోట వైపు ఒక పెండ్లికి బయలుదేరి, పైన వర్ణించిన దృశ్యంలో నేనే పాత్రధారినైనాను. వెనుక సీటులో తండ్రిగారు. నలభై నిమిషాలు ఎండలో. ఆ రోజు ఆయన ఒక్క మాట అనలేదు. ఆ మౌనమే నన్ను నోటుపుస్తకం పట్టించింది.

పుస్తకంలో వ్రాసినది

విజ్ఞాన శాస్త్రం చెప్పే అయ్యవారు పిల్లలకు ప్రయోగం చేయించి పరిశీలనలు వ్రాయమంటాడు, తన కారు విషయంలో మాత్రం ఊహలతో కాలం గడుపుతాడు. నేనూ అదే చేశాను. ఆ పెండ్లి తరువాత ఒక పాత హాజరు పుస్తకం తీసి గీతలు గీశాను. ప్రతి ఉదయం, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, రేడియేటర్ మూత తీసి మట్టం చూడడం. డబ్బాపై తెల్ల కాగితపు పట్టీ అంటించి గీత గీయడం. పోసిన నీటిని కొలపాత్రతో కొలవడం. ముందురోజు ఎంత దూరం, ఏ దారిలో, ఎందరితో పోయినామో వ్రాయడం. మూడు వారాలు.

వ్రాసినదానిలో వరుస కనబడింది. బండి కదలని రోజుల్లో చుక్క కూడా తగ్గలేదు. గుడియాత్తం దాకా పోయి వస్తే స్వల్పంగా తగ్గింది. వేలూరు ప్రయాణం తరువాత ఎక్కువ. కనుమ ఎక్కిన దినం అన్నింటికంటే ఎక్కువ. అంటే ఇంజన్‌పై భారం పెరిగినకొద్దీ నష్టం పెరుగుతున్నది. నిలిచియున్నప్పుడు కూడా తగ్గితే బయటి కారుడును అనుమానించాలి. భారంతో పెరుగుతుంటే మూతనో, సిలిండర్ హెడ్ క్రింది గ్యాస్కెట్‌నో అనుమానించాలి. మూత అప్పటికే మార్చినది.

అయినా బయటి కారుడును పూర్తిగా త్రోసిపుచ్చకుండా ముందుకు పోరాదు. ఎందుకంటే నేలపై తడి లేనంత మాత్రాన కారడం లేదని కాదు. వేడి ఇంజన్‌పై పడిన బొట్టు నేలను చేరకముందే ఆవిరైపోతుంది. మిగిలేది దాని జాడ మాత్రమే: కూలెంట్ పోసిన బండిలో ఆకుపచ్చని మరక, మన ఉప్పునీళ్లు పోసిన బండిలో తెల్లని సున్నపు చార. టార్చి వెలుతురులో హోస్‌ల కొనలు, క్లిప్పుల చుట్టూ, రేడియేటర్ అంచులు, నీటి పంపు క్రింద ఉండే చిన్న రంధ్రం చూడాలి. పంపు లోపలి సీలు అరిగితే నీరు ఆ రంధ్రం గుండానే బయటపడాలని తయారీదారులు దానిని ఉంచారు. దానిని ఎంసీల్‌తో మూసిన మహానుభావులను నేను చూశాను. ఇంజన్ బ్లాకు ప్రక్కన గుండ్రని రేకు బిళ్లలు ఉంటాయి. అవి లోపలి నుండి త్రుప్పు పట్టి సూదిమొన అంత చిల్లి పడతాయి. ఇంజన్ వెనుక వైపు బిళ్ల అయితే అద్దం పెట్టి చూస్తే తప్ప కనబడదు. హీటర్ ఉన్న బండిలో ముందు సీటు క్రింది తివాచీ తడి, అద్దంపై జిడ్డు మసక, తియ్యని వాసన ఉంటే హీటర్ గొట్టాలే కారణం. ఏసీ వేసిన బండి క్రింద కారే తేట నీటిని చూచి మాత్రం భయపడనక్కరలేదు, అది గాలిలోని తేమ.

కంటికి దొరకనిచో చేతిపంపు పరీక్ష ఉన్నది. చల్లని బండికి రేడియేటర్ మూత స్థానంలో పీడనమాపకం గల చిన్న పంపును బిగించి, మూతపై ముద్రించిన పీడనం వరకు గాలి కొట్టి పావుగంట వేచి చూడాలి. ముల్లు కదలకపోతే బయట లోపం లేదనుకోవచ్చు. ముల్లు దిగుతూ, బయట ఎక్కడా తడి కనబడకపోతే నీరు లోపలికే పోతున్నది. ఈ పరికరం అన్ని షెడ్లలో ఉండదు. ఉన్న షెడ్డును వెదకి పోవడం మంచిది, అర పూట పని పావుగంటలో తేలుతుంది.

మా ఊరి మెకానిక్ భాయ్ వద్ద అది లేదు. ఆయనకున్నది ఓపిక. "సార్, పొద్దున ఆరు గంటలకు వస్తాను, రాత్రి బండి కదిలించకండి, మూత ముట్టుకోకండి" అన్నాడు. వచ్చి, మొదట పై హోస్‌ను వేళ్లతో నొక్కి చూశాడు. గట్టిగా ఉన్నది. మూత తిప్పగానే బుస్సుమన్నది. "చూశారా సార్?" అన్నాడు. చూశాను గానీ అప్పటికి అర్థం కాలేదు. రాత్రంతా చల్లారిన నీరు కుంచించుకొంటుంది. లోపల పీడనం తగ్గాలి గాని మిగలకూడదు. మిగిలిందంటే చల్లారినా ద్రవంగా మారని వాయువు ఏదో నీటిలోకి చొచ్చుకొని వచ్చినట్లే. ఆ వాయువు సిలిండర్‌లో మండిన పొగ తప్ప వేరు కాదు.

తరువాత మూత లేకుండానే ఇంజన్ స్టార్టు చేయించాడు. ఆరంభంలో కొన్ని బుడగలు రావడం సహజం, లోపల చిక్కిన గాలి అది. కొంతసేపటికి ఆగిపోవాలి. మాకు ఆగలేదు; ఆక్సిలరేటర్ నొక్కినప్పుడల్లా పొంగాయి. స్పార్క్ ప్లగ్గులు మూడూ విప్పి కాగితంపై పెట్టాడు. రెండు గోధుమ రంగులో మసిబారి ఉన్నాయి. నడిమిది మాత్రం పళ్లు తోమినట్లు తెల్లగా ఉన్నది. నీరు చేరే సిలిండర్‌లో ప్రతి దఫా ఆవిరి పుట్టి ప్లగ్గును కడుగుతూ ఉంటుంది. ఉదయం స్టార్టు చేసిన మొదటి నిమిషంలో ఇంజన్ కుంటడం కూడా అప్పుడు గుర్తుకు వచ్చింది. దానిని పాత బండి ముసలితనం అనుకొన్నాను.

ఆయిల్ సంగతి. ఆయిల్‌లో నీరు కలిస్తే డిప్‌స్టిక్ మీద మజ్జిగ రంగు కనిపిస్తుంది. అట్టి బండిని ఒక మైలు కూడా నడపరాదు, బేరింగులు పాడవుతాయి. అయితే ఆయిల్ పోసే మూత అడుగున కొంచెం తెల్లని మీగడ వంటిది కనిపించినంత మాత్రాన హడలిపోనక్కరలేదు. చలికాలంలో ఇంటి నుండి బడికి, బడి నుండి ఇంటికి మాత్రమే తిరిగే బండిలో తేమ అట్లా పేరుకొంటుంది. డిప్‌స్టిక్ తేటగా ఉంటే ఒక దూర ప్రయాణంతో అది పోతుంది. మాది తేటగానే ఉన్నది. మరొక నమ్మిక: తెల్లపొగ వస్తే గ్యాస్కెట్ పోయినట్లే అని. చల్లని ఉదయం ఏ బండికైనా తెల్లని ఆవిరి వస్తుంది. ఇంజన్ వెచ్చబడిన తరువాత కూడా ఆగక వచ్చేది, తియ్యని వాసన గలది మాత్రమే సాక్ష్యం.

వేలూరులో ఒక షెడ్డులో చివరి పరీక్ష చేయించాము. అది నాకు ఎంతో ఇష్టమైనది. నీలి ద్రవం గల గాజు గొట్టాన్ని రేడియేటర్ నోటి వద్ద ఉంచి, లోపలి గాలిని రబ్బరు బుడ్డితో దాని గుండా పీలుస్తారు. ఆ ద్రవంలో బ్రోమోథైమాల్ బ్లూ ఉంటుంది. బొగ్గుపులుసు వాయువు తగిలితే అది పసుపుగా మారుతుంది. మంచి ఇంజన్ నీటిలో ఆ వాయువు ఉండేందుకు కారణం లేదు. బడిలో సున్నపుతేటలోకి గొట్టంతో ఊదించి పిల్లలకు మేము చూపేది ఇదే సూత్రం. రెండు నిమిషాలలో నీలం పచ్చబడి, పచ్చ పసుపైంది. ఇన్నేండ్లు నల్లబల్లపై వ్రాసిన సమీకరణం నా జేబుకు చిల్లు పెట్టడానికి ఎదుట నిలిచింది.

విప్పిన తరువాత

గ్యాస్కెట్ అనేది ఇంజన్ బ్లాకుకూ పైనున్న హెడ్‌కూ నడుమ వేసే పలుచని పొర. ఒక ప్రక్క మంట, ఒక ప్రక్క నీరు, ఒక ప్రక్క ఆయిల్ ఒకదానితో ఒకటి కలవకుండా కాపాడేది అదే. మాది నడిమి సిలిండర్‌కూ నీటి దారికీ మధ్య వ్రేలి వెడల్పున కాలిపోయి ఉన్నది. భారం పడినప్పుడు మండిన వాయువు నీటిలోకి చొరబడి నీటిని మూత గుండా బయటికి నెట్టేది. ఇంజన్ ఆపిన తరువాత అదే సందున నీరు సిలిండర్‌లోకి ఊరేది.

అయితే గ్యాస్కెట్ ఊరకే కాలదు. హెడ్‌ను లేతు వర్క్‌షాపుకు పంపి, ఉక్కు స్కేలు దానిపై ఆనించి, సందులో ఫీలర్ గేజ్ పెట్టి చూశారు. చాలా చిన్న ఇంజన్లకు 0.05 మిల్లీమీటరుకు మించి వంపు ఉండకూడదంటారు. మాది దానిని దాటింది. ఎప్పుడో ఒకసారి విపరీతంగా వేడెక్కి అల్యూమినియం హెడ్ వంగింది. చెక్కించి చదును చేయించవలసి వచ్చింది. పగులు ఉన్నదేమో అని నీటి పీడనంతో పరీక్షింపజేశాము, ఎందుకంటే నీలి ద్రవం పరీక్ష పొగ వస్తున్నదని చెబుతుంది గాని గ్యాస్కెట్ గుండానా, హెడ్‌లోని పగులు గుండానా అని చెప్పలేదు. ఈ పరీక్ష చేయకుండా క్రొత్త గ్యాస్కెట్ వేసి, నెల తిరుగకుండానే మరల విప్పిన బండ్లు కలవు. బోల్టులను నడుమ నుండి అంచులకు, రెండు మూడు దఫాలుగా, టార్క్ రెంచితో బిగించాలి. చేతి అందాజుతో బిగించేవారికి ఈ పని ఇవ్వకండి.

ఎందుకు వేడెక్కింది అనే ప్రశ్నకు జవాబు బ్లాకులోని నీటి దారులలో దొరికింది. గోరుతో గీకితే రాలే తెల్లని గార. కెటిల్ అడుగున పేరుకొనేది అదే. మా ఇంటి బోరునీళ్లతో సబ్బు నురగ రాదు. అవే నీళ్లు ఏండ్ల తరబడి రేడియేటర్‌కు పోశాను. పేర్ణాంబట్టు, ఆంబూరు, వాణియంబాడి ప్రాంతపు భూగర్భ జలాల సంగతి పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. తోళ్లు పాడుకాకుండా వాడే ఉప్పు, తోళ్ల ఊనిక నీళ్లు పాలారు పరీవాహక ప్రాంతంలో చేసిన హాని గూర్చియే 1996 ఆగస్టులో వేలూరు సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం కేసులో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. కలుషితం చేసినవారే నష్టం భరించాలనే సూత్రాన్ని న్యాయ విద్యార్థులు ఆ తీర్పు నుండి చదువుకొంటారు. మనం త్రాగలేని నీటిని కారుకు పోస్తున్నామనే ఆలోచన మాత్రం మనకు రాదు. కఠిన జలంలోని సున్నం వేడికి గారగా పేరుకొంటుంది. ఆ గార అల్యూమినియంతో పోలిస్తే ఇంచుమించు నూరవ వంతు వేడిని మాత్రమే ప్రసరింపజేస్తుంది. ఉప్పులోని క్లోరైడు అల్యూమినియంను గుంటలు పడేట్లు తినివేస్తుంది. ఒకటి వేడిని బంధిస్తుంది, మరొకటి లోహాన్ని కొరుకుతుంది.

కావున బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్, దానికి సమానంగా ఇథిలీన్ గ్లైకాల్ గల కూలెంట్ కలిపి పోయడం ఉత్తమం. మన వైపు మంచు గడ్డకట్టదు గదా, కూలెంట్ ఎందుకు అని కొందరు అడుగుతారు. గడ్డకట్టకుండుట దానికున్న గుణాలలో ఒకటి మాత్రమే. సగానికి సగం కలిపితే మరిగే స్థానం మరికొన్ని డిగ్రీలు పెరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, దానిలో త్రుప్పును ఆపే మందు కలిసియుంటుంది. అయితే అది తియ్యగా ఉండే విషం. పాత కూలెంట్‌ను వీధి కాలువలో పోయరాదు, మూతలేని డబ్బాలో ఉంచరాదు. పిల్లలూ కుక్కలూ దానిని నాకే ప్రమాదమున్నది.

ఇక పసుపు వైద్యం. రేడియేటర్ కారితే గుప్పెడు పసుపుపొడి పోస్తే నిలుస్తుందని లారీ వారు చెబుతారు. నిలుస్తుంది కూడా, ఇంటికి చేరేదాకా. అంగళ్లలో అమ్మే సీలెంటు చేసేదీ ఇంచుమించు అదే పని. అయితే చిల్లి ఏదో, సన్నని దారి ఏదో పసుపుకు తెలియదు. గార పట్టి సగం మూసుకొనిన రేడియేటర్ గొట్టాలను మిగతా సగం అది మూస్తుంది. నడిరాత్రి నడికొండపై వాడవచ్చు, మరునాడే కడిగించాలి.

నీరు తగ్గకున్నా వేడెక్కే బండ్లు

ఇవి వేరే జాతి. వీటికి ఎప్పుడు వేడెక్కుతుందన్నదే ముఖ్యమైన ఆనవాలు. గుడియాత్తం బజారులో నిలిచి నిలిచి పోతుంటే ముల్లు ఎక్కి, రోడ్డెక్కగానే దిగితే ఫ్యాన్‌నే చూడాలి: మోటారు, ఫ్యూజు, రిలే, వేడికి ఫ్యాన్‌ను ఆడించే స్విచ్చి. స్విచ్చి వైర్లను నేరుగా కలిపితే ఫ్యాన్ తిరిగినచో స్విచ్చి చెడినట్లు. దీనికి విరుద్ధంగా బజారులో చల్లగా ఉండి, వేగంలోనో ఎక్కుడులోనో వేడెక్కితే రేడియేటర్ లోపల గార, బయట రెక్కల నిండా దుమ్మూ పురుగులూ, లేదా వేగానికి చప్పిడియై దారి మూసే మెత్తని క్రింది హోస్, జారే బెల్టు. ఇగ్నిషన్ టైమింగ్ వెనుకబడినా, బ్రేకులు పట్టుకొని వదలకున్నా వేడి పెరుగుతుంది. ఈ రెండూ రేడియేటర్ దోషమని ఎన్నోసార్లు పొరబడతారు. నీళ్లు మార్చిన మరునాడే వేడెక్కితే లోపల గాలి చిక్కిందేమో చూచుకోవాలి.

ముల్లును గూర్చి ఒక హెచ్చరిక. వేడిని కొలిచే సెన్సార్ నీటిలో మునిగి ఉన్నంతవరకే సత్యం పలుకుతుంది. నీరంతా పోతే అది ఆవిరిలో ఊరక నిలుస్తుంది, అప్పుడు ముల్లు పడిపోవచ్చు. ఎక్కిన ముల్లు ఉన్నట్టుండి దిగితే చల్లబడిందని సంతోషించక వెంటనే బండి ఆపాలి. కనుమలో నాకు జరిగినది అదే. ముల్లు దిగిందని తండ్రిగారికి చెప్పిన అర నిమిషానికి ఆవిరి లేచింది.

కనుమలో ముల్లు ఎక్కడం మొదలైనప్పుడు ఏసీ ఆపి, హీటర్ ఉంటే పూర్తిగా తెరిచి, కిటికీలు దించండి. చెమటలు పోసినా హీటర్ ఒక చిన్న రేడియేటర్ వలె కొంత వేడిని లాగుతుంది. చోటు చూచి ప్రక్కకు తీయండి. నీరు ఇంకా ఉన్నదని నిశ్చయంగా తెలిస్తే రెండు నిమిషాలు ఇంజన్‌ను నిదానంగా తిరగనివ్వడం మేలు, నీరు కదులుతూ ఉంటుంది. ఆవిరి చిమ్ముతున్నా, ముల్లు హఠాత్తుగా పడినా తక్షణం ఆపివేయాలి. పిమ్మట చేయవలసినది ఏమీ చేయకుండుటే. అర గంటకు తక్కువ కాకుండా ఆగాలి. పై హోస్‌ను చేతితో పట్టుకోగలిగినంత చల్లారకముందు మూత జోలికి పోరాదు. పీడనంలో 110 డిగ్రీలున్న నీరు మూత తీయగానే ఒక్కసారిగా ఆవిరిగా మారి ముఖంపైకి చిమ్ముతుంది. చల్లారిన తరువాత కూడా మందపాటి గుడ్డ వేసి, ముఖం ప్రక్కకు త్రిప్పి, మొదటి మెట్టు దాకా మాత్రం తిప్పి బుస తగ్గేదాకా ఆగాలి. వేడి ఇంజన్‌కు చన్నీళ్లు గుమ్మరించరాదు. మట్టి పొయ్యిమీది కుండకు పట్టే గతే అల్యూమినియం హెడ్‌కూ పడుతుంది. ఇంజన్ ఆడుతుండగా, కొంచెం కొంచెంగా పోయాలి.

మా కారు ఆ జూన్‌లో షెడ్డు నుండి ఇల్లు చేరింది. థర్మోస్టాట్ క్రొత్తది వేయించాము, రేడియేటర్ విప్పించి గొట్టాలలో కమ్మీ దూర్చి శుభ్రం చేయించాము. అయిన ఖర్చుకు ఇంట్లో కొన్నాళ్లు మాట పడవలసి వచ్చింది. మొదటి అర లీటరు పోసిన రోజునే పుస్తకం పట్టియుంటే గ్యాస్కెట్‌తో పోయేది, హెడ్ చెక్కించే పని ఉండేది కాదని మెకానిక్ భాయ్ లెక్క చెప్పాడు. నేను దానిని మా ఇంట్లో చెప్పలేదు.

హాజరు పుస్తకం ఇప్పుడు డాష్‌బోర్డు అరలో ఉన్నది. వేలూరుకు బయలుదేరే ఉదయాలలో తండ్రిగారు ముందు సీటులో కూర్చుని, తలుపు వేయకముందే అడుగుతారు: "నీళ్లు జూసినావా?" చూశానంటే చాలదు, పుస్తకం చేతికి ఇవ్వాలి. క్రిందటి వారం మట్టం గీతకు వెంట్రుకవాసి క్రింద ఉన్నది. ఆయన వ్రేలు పెట్టి చూపించారు. ఆ రాత్రి చలి ఎక్కువ గనుక నీరు కుంచించుకొన్నదని నేను విన్నవించుకొన్నాను. మధ్యాహ్నం ఆసుపత్రి వెలుపల వేపచెట్టు క్రింద, బండి చల్లారిన తరువాత, ఇద్దరమూ దిగి మరొకసారి చూశాము. గీత మీదనే ఉన్నది.